కండెన్సరుకి మూడు వందల ఆరు ఎకరాలు

మా పురపాలక సంఘంలో అంతవరకూ ఎవరికీ రాని సందేహం ఒకటి, ఏప్రిల్ మొదటి సోమవారం, ఎర్ర సిరాతో కాగితం మీదికి వచ్చింది.

"చాకిరేవు పంపునకు అమర్చదలచిన కండెన్సరు ముప్పై ఆరు మైక్రోఫారడ్లు అని ఇండెంటునందు కనబడుచున్నది. ముప్పై ఆరు అని నిర్ణయించినది ఎవరు? ఏ అధికారముతో? వివరణ సమర్పించునది. అంతవరకు పని నిలుపుదల చేయునది."

రాసినవారు ఆడిట్ అధికారి చెన్నకేశవులు గారు. చాలా నిజాయితీపరుడు. ఆయన టీ తాగితే గ్లాసు తిప్పి అడుగు కూడా చూస్తారు.

ఆ ఇండెంటు రాసింది నేను. నా పేరు దాలినాయుడు. మున్సిపాలిటీ మోటార్లు చెడిపోతే బాగుచేస్తాను. ఎనిమిదో తరగతిలో లెక్కల మేష్టారు నన్ను బయట నిలబడమన్నారు. తర్వాత ఆయన లోపలికి రమ్మనలేదు, నేను వెళ్లలేదు. అందువల్ల నాకు కొన్ని విషయాలు అడ్డదారిలో కాకుండా నేరుగా తెలిసిపోయాయి. పాత కండెన్సరు మీద కంపెనీవాడు 36 అని అచ్చేశాడు. అది ఉబ్బి పగిలింది. కొత్తది కూడా 36దే పెట్టాలి. దీనికి అధికారం కావాలని నాకు తట్టలేదు. చదువుకున్నవాళ్లకి తట్టింది.

సాయంత్రానికల్లా చాకిరేవు దగ్గర స్విచ్చి పెట్టెకి లక్క సీలు పడింది. నేను వెళ్లేసరికి పోలమ్మ ఆ పెట్టె ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. పోలమ్మకి యాభై అయిదేళ్లుంటాయి. మా ఊరి ధర్మాసుపత్రి దుప్పట్లన్నీ ఉతికేది ఆవిడే. వారానికి నూట ఇరవై.

"ఏటి నాయుడుబావూ, పెట్టికి లక్క ఏసి ఎల్లిపోనారు? నానేటి దొంగతనం సేసినానా?"

"నువ్వు కాదప్పా. ముప్పయ్యారు సేసింది."

"ఆడెవుడు?"

చెప్పాను. ఒక ఫేజు మోటారు సంగతి కొత్తగా చేరిన గుమాస్తా సంగతి ఒకటే. కరెంటు ఇచ్చినంత మాత్రాన కదలదు. ఎటు తిరగాలో తెలీక మూలుగుతూ కూర్చుంటుంది. కండెన్సరు దానికి మొదటి తోపు తోస్తుంది. ఆ తోపుకి తగిన అంకె ముప్పై ఆరు. ఆ అంకెని ఎవరు నిర్ణయించారో తేలేదాకా నీళ్లు రావు.

పోలమ్మ అంతా విని, "ఎవుడో ఒకడు నానే అని సెప్పేత్తే పోదేటి?" అంది.

నాకు ఆ ఆలోచన రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"నీకు తెల్దు బావూ," అంది గొంతు తగ్గించి. "పెద్ద నర్సమ్మ నిన్ననే సెప్పీసింది. మూడు శనివారాలు సూత్తాదట. మూడో శనివారం పొద్దు గుంకేలోపల నూటిరవై తెల్లగా రాపోతే, పట్నంలో మిసను లాండ్రీకి ఇచ్చేత్తాదట. ముప్పయ్యేళ్ల నించీ ఉతుకుతన్నాను. మిసనుకి సేతులుంటాయేటి?"

బావిలో నీళ్లున్నాయి. చేంతాడుతో తోడుకుంటే రోజంతా కష్టపడ్డా వారానికి నలభై దుప్పట్లు దాటడం కష్టం. నాకూ లెక్క వచ్చు. బయట నిలబెట్టింది లెక్కల మేష్టారే గానీ లెక్కలు కావు.

మరునాడు కమిషనర్ గారి గదిలో సమావేశం. కమిషనర్ పరాంకుశరావు గారు పది రోజుల శాస్త్రీయ పరిపాలనా శిక్షణ ముగించుకుని ఆ ఉదయమే దిగారు. ఒంటి మీద ఆ వేడి ఇంకా ఉంది. ఇంజనీరు గారు దీర్ఘకాలిక సెలవులో ఉన్నందున ఆ కుర్చీకి సంబంధించిన జ్ఞానం కోసం నన్ను పిలిపించారు. కుర్చీ మాత్రం ఇవ్వలేదు.

"ఇకపై ఈ కార్యాలయంలో కొలవని అంకె చెలామణీ కాదు," అన్నారు కమిషనర్ గారు. "చెప్పవయ్యా. ఈ ముప్పై ఆరును నిర్ణయించే అంశాలేమిటి?"

"మూడండి," అన్నాను. "లోపల రెండు రేకులుంటాయండి. ఆ రేకుల వైశాల్యం ఒకటి. రెండింటి మధ్య ఎడం ఒకటి. ఆ ఎడంలో పెట్టిన సరుకు ఒకటి. రేకు పెద్దదైతే అంకె పెరుగుద్దండి. ఎడం పెరిగితే తగ్గుద్దండి. సరుకు మంచిదైతే మళ్లీ పెరుగుద్దండి. అంతేనండి."

"మనం ఇచ్చే వోల్టేజీని బట్టి మారదా?"

"మారదండి. ఎక్కువిస్తే పేలుద్ది గానీ మారదండి."

"పై నుంచి ఉత్తర్వు వస్తే?"

"దానికీ మారదండి."

గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉత్తర్వుకి గానీ సిఫారసుకి గానీ లొంగని వస్తువొకటి ఇన్నేళ్లుగా మున్సిపాలిటీ ఆస్తుల జాబితాలో నిశ్శబ్దంగా కూర్చుని ఉందని వాళ్లకి అప్పుడే తెలిసింది. చెన్నకేశవులు గారు మాత్రం సంతోషంగా రాసుకున్నారు.

కమిషనర్ గారు కళ్లు మూసుకుని చెప్పడం మొదలెట్టారు. గుమాస్తా రాసుకుపోయాడు. "వైశాల్యం అనునది స్థలమునకు సంబంధించిన విషయము. ఎడం అనునది రెండు కట్టడముల నడుమ విడువవలసిన ఖాళీకి సంబంధించిన విషయము. కావున ఈ రెండునూ పట్టణ ప్రణాళికా విభాగమునకు చెందును. సరుకు అనునది పారిశుద్ధ్య విభాగమునకు చెందును. విభాగములు తమ తమ అంశములను క్షేత్రస్థాయిలో కొలిచి నివేదించవలెను."

పట్టణ ప్రణాళికాధికారి గవర్రాజు గారు లేచి నిలబడ్డారు. పాతిక సంవత్సరాల సర్వీసులో ఆయన్ని ఎవరూ సైన్సు విషయంలో పిలవలేదు. కళ్లు చెమర్చాయి.

"క్షేత్రం ఎక్కడుంది సార్?" అన్నారు.

"దాని లోపల," అన్నాను పంపు కోసం తెచ్చిన కొత్త కండెన్సరు చూపించి.

అది గ్లాసంత ఉంటుంది. నేను వద్దని చెప్పాను. విప్పితే మళ్లీ కూడదని చెప్పాను. "విప్పకుండా కొలవడం అంచనా అవుతుంది," అన్నారు కమిషనర్ గారు. నా చేతే రంపంతో కోయించారు.

లోపల వెండిలా మెరిసే పొర, చుట్టలు చుట్టలుగా. ఆ మెరుపే రేకు, మెరుపు పూసిన ప్లాస్టిక్కే మధ్య సరుకు. గవర్రాజు గారు కొస పట్టుకుని, చుట్టను కొలత గొలుసు పట్టే చెయిన్‌మన్ చేతికిచ్చి విప్పుకుంటూ పొమ్మన్నారు. చుట్ట గది దాటింది. మెట్లు దిగింది. జనన మరణ ధ్రువపత్రాల కిటికీ ముందు నుంచి సాగి, గేటు దాటి, సోడా బండిని చుట్టి, బస్టాండు కమాను దగ్గర అయిపోయింది. నూట ఎనభై అయిదు మీటర్లు. మేం వెనక్కి వచ్చేసరికి ఆ పొర పక్కన నలభై మంది వరసగా నిలబడి ఉన్నారు. ప్రభుత్వం ఏదో గీత గీసిందంటే దాని పక్కన నిలబడితే మంచిదని జనం అనుభవం. ఒక ముసలాయన నన్ను పట్టుకుని, "పింఛనుకేనా బావూ?" అని అడిగాడు. "కెపాసిటెన్సుకి," అన్నాను. "సరే, ఏదో ఒకటి," అని నిలబడ్డాడు.

వెడల్పుతో గుణిస్తే పదమూడు గజాలు తేలింది.

"పదమూడు గజాలు!" అన్నారు గవర్రాజు గారు. "ఇంత డబ్బాలో పదమూడు గజాల స్థలం పెట్టుకుని ఇన్నాళ్లూ ఎక్కడా నమోదు చెయ్యలేదు. పట్టా ఎవరి పేరున ఉంది?"

ఎవరి పేరునా లేదు. అదొక కొత్త ఫైలయింది.

"కొలత వచ్చింది గనుక దీన్ని ఇప్పుడు పంపుకి బిగించవచ్చునా?" అని కమిషనర్ గారు అడిగారు.

"కొలత వచ్చిందండి. కండెన్సరు పోయిందండి."

చెన్నకేశవులు గారు గొంతు సవరించుకున్నారు. ఒక్క నమూనా మీద ఆధారపడి నిర్ణయం తీసుకోవడం శాస్త్రీయం కాదన్నారు. కార్యాలయంలో ఉన్న కండెన్సర్లన్నీ విప్పి కొలవాలన్నారు. ఫ్యాన్లలో ఒక్కొక్క కండెన్సరు ఉంది. కమిషనర్ గారి ఏసీలో ఉన్నది అన్నిటికన్నా పెద్దది.

కమిషనర్ గారు ఒక్క క్షణం పైకి చూశారు. "నిబంధనకు నేను అతీతుణ్ణి కాను," అన్నారు. ఆ మాట ఆయన శిక్షణలో నేర్చుకున్నది. దాని ఫలితం మాత్రం అక్కడ చెప్పినట్టు లేరు.

బుధవారం నాటికి కార్యాలయంలో ఒక్క ఫ్యానూ తిరగలేదు. బయట నలభై రెండు డిగ్రీలు. గుమాస్తాలందరూ చేతికందిన ఫైలు తీసి విసురుకున్నారు. ఇన్నేళ్లలో అన్ని ఫైళ్లు ఒకేసారి కదలడం నేను అప్పుడే చూశాను. వేడికి తట్టుకోలేక రెండు అర్జీలు పరిష్కారమయ్యాయని కూడా విన్నాను, కానీ చూడలేదు.

మొదటి శనివారం పోలమ్మ ముప్పై ఎనిమిది దుప్పట్లు ఇచ్చింది.

రెండో వారం ఎడం సంగతి తేలింది. గవర్రాజు గారు కాలేజీ నుంచి సన్నటి వస్తువుల్ని కొలిచే పరికరం తెప్పించి, రెండు పూతల నడుమ ఉన్న ఎడం వెంట్రుకలో పదో వంతు కూడా లేదని కనుక్కున్నారు. కనుక్కుని నీళ్లు తాగారు.

"ఇది అక్రమ కట్టడం సార్," అన్నారు సమావేశంలో. "ఒకదాన్ని ఒకటి దాదాపు ఆనుకుని ఉన్నాయి. గాలీ వెలుతురూ లేవు. అగ్నిప్రమాదం జరిగితే బండి వెళ్లడానికి దారి లేదు. నిబంధన ప్రకారం రెండు కట్టడాల మధ్య కనీసం మూడడుగులు వదలాలి."

"సార్, ఎడం ఎంత తక్కువైతే అంత మంచిదండి," అన్నాను. "దాని పనే అదండి."

"మా పేటలో ప్రతి ఇంటి యజమానీ ఇదే మాట చెబుతాడు," అన్నారు గవర్రాజు గారు.

కమిషనర్ గారు తన విశేషాధికారాన్ని వినియోగించి, ప్రజాప్రయోజనం దృష్ట్యా మూడడుగుల్ని ఒక అడుగుకి సడలించారు. ఇంతకన్నా సడలిస్తే దుష్ట సంప్రదాయానికి దారితీయునని కూడా రాయించారు.

ఇక సరుకు. పారిశుద్ధ్య విభాగం నుంచి వచ్చినాయన పొరని రెండు వేళ్లతో పట్టి వెలుగులో చూసి, వాసన చూసి, "ఇది పలచని ప్లాస్టిక్. నిషిద్ధం," అన్నాడు. పోయిన నెల ఇదే నేరానికి కూరగాయల బజారులో పదహారు బళ్లు పట్టుకున్నాడట. ఇప్పుడు సాక్షాత్తూ మున్సిపాలిటీ ఫ్యాన్లలో దొరికింది. విప్పిన పొరలన్నీ గోనెసంచుల్లో కుక్కి జప్తు చేశాడు.

"మరి రెండు రేకుల మధ్య ఏం పెట్టాలి?" అన్నారు కమిషనర్ గారు.

కొందరు కాగితం అన్నారు, కొందరు అభ్రకం అన్నారు. దేనికైనా టెండరు కావాలి. చివరికి గాలి ఖాయమయింది. గాలికి టెండరు అక్కర్లేదు, గోదాము అక్కర్లేదు, చెడిపోయిందని ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.

ఇప్పుడు నన్ను చూశారు. "ఎడం ఒక అడుగు. సరుకు గాలి. అంకె ముప్పై ఆరు. వైశాల్యం ఎంత ఉండాలో చెప్పు."

లెక్క చిన్నదే. ఎడం యాభై వేల రెట్లు పెరిగింది. ప్లాస్టిక్ చేసే సాయం పోయింది, అది మరో రెండింతల పైచిలుకు. అంటే పదమూడు గజాలు కాస్తా లక్షా పధ్నాలుగు వేల రెట్లు కావాలి. గవర్రాజు గారు ఫోనులో గుణించి, ఎకరాల్లోకి మార్చి, ఫోను ఒకసారి ఆపి మళ్లీ పెట్టి చూశారు.

"మూడు వందల ఆరు ఎకరాలు సార్."

"మంచిది," అన్నారు కమిషనర్ గారు.

"రెండుసార్లండి," అన్నాను. "కింద మూడు వందల ఆరు ఎకరాల రేకొకటి, దాని మీద అడుగెత్తున మూడు వందల ఆరు ఎకరాల రేకొకటి. అప్పుడు ఒక హార్స్‌పవర్ మోటారు తిరుగుద్దండి."

నేను ఎగతాళి చేశాననుకున్నాను. ఎవరూ అలా అనుకోలేదు. గవర్రాజు గారు ఊరి పటం పరిచారు. బస్టాండు, సంత మైదానం, శ్మశానం, మూతబడ్డ జనపనార మిల్లు అన్నీ కలిపినా నూట నలభై దాటలేదు. మిగతాది రైతుల దగ్గర సేకరించాలన్నారు. రైతులకి నష్టం లేదనీ, రెండు రేకుల మధ్య అడుగు ఖాళీలో కూర్చుని వ్యవసాయం చేసుకోవచ్చనీ అన్నారు. చెన్నకేశవులు గారు కూడా అభ్యంతరం చెప్పలేదు. ఆయన జీవితంలో మొదటిసారి ఒక అంకె ఎక్కడ నుంచి వచ్చిందో కాగితం మీద పూర్తిగా కనబడింది.

ఆ సాయంత్రం పోలమ్మ నా షెడ్డుకి వచ్చింది. అరచేతులు చూపించింది. చేంతాడు ఒరుసుకుని చర్మం లేచిపోయింది.

"ఈ వారం నలపై ఒకటి. అయిపోనాది బావూ నా పని. బజార్లో కొనీసి ఏసీయలేవేటి? ఆ లక్క నాను పీకెత్తాను."

"పీకితే కేసప్పా. నిర్ణయం కాని కండెన్సరు పెడితే ఇంకో కేసు. సెన్నకేశవులు గారు రోజూ ఎల్లి ముద్ర సూసుకుంటన్నారు."

"ఆయనకి ఇల్లూ వాకిలీ లేదేటి?"

"ఉంది గానీ అక్కడ సీలు ఏసుకోడానికేటీ లేదు."

నవ్వింది. నవ్వి కన్నీళ్లు తుడుచుకుంది. "మా ఆయన పోయినప్పుడు కూడా ఆ వారం దుప్పట్లు ఆపలేదు నాను. పదకొండో రోజుని ఇచ్చీసినాను. ఇప్పుడు రేకులోటి అడ్డమొచ్చినాయి."

నాకు కోపం వస్తే పనిముట్లు తుడుస్తాను. ఆ రోజు అన్నీ తుడిచాను.

భూసేకరణకి టైము పడుతుంది గనుక, ప్రజల ఇబ్బందులు దృష్టిలో పెట్టుకుని మొదటి దశగా ఒక జత రేకులు వేయాలని నిర్ణయమయింది. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. స్థలం చాకిరేవు పక్కన పోలమ్మ దుప్పట్లు ఆరేసే జాగా. ఆరేయడానికి దుప్పట్లు ఎలాగూ లేవు కాబట్టి స్థలం ఖాళీగా ఉన్నట్టు గవర్రాజు గారు నమోదు చేశారు. కర్ర గుంజలు పాతి, ఒక జింకు రేకు కింద, ఇంకొకటి అడుగు పైన బిగించారు. చుట్టూ తడక కట్టి, ముట్టుకున్న యెడల ప్రాణాపాయము అని బోర్డు పెట్టారు.

"ఇలాంటి జతలు ఎన్ని కావాలి?" అని కమిషనర్ గారు నన్ను అడిగారు.

"అరవై ఆరు వేల ఏడు వందలండి."

"అయితే ఒకటి అయింది," అన్నారు తృప్తిగా.

ప్రారంభోత్సవం మూడో శనివారం ఉదయం పది గంటలకి పెట్టారు. షామియానా వేశారు. కొబ్బరికాయలు తెచ్చారు. పోలమ్మ నూట ఇరవై దుప్పట్లూ మూటలు విప్పి తొట్టి గట్టున పేర్చుకుని కూర్చుంది. తొట్టిలో నీళ్లు లేవు. సోడా, సబ్బు కలిపి చిన్న కుండలో తడిపిన దుప్పటి ఒకటి ఆమె చేతిలో ఉంది. పొద్దు గుంకడానికి ఎనిమిది గంటలు.

చెన్నకేశవులు గారు స్వహస్తాలతో సీలు విప్పారు. నేను రేకుల నుంచి వచ్చే వైర్లని పెట్టెలో కండెన్సరు ఉండాల్సిన చోట బిగించాను. కమిషనర్ గారు మాట్లాడారు. ప్రపంచంలో కెపాసిటెన్సు గురించి పుస్తకాలు మాత్రమే ఉన్నాయనీ, దాన్ని ప్రజల కళ్లెదుట నిర్మించిన ఘనత మన పురపాలక సంఘానిదేననీ అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన స్విచ్చి నొక్కారు.

మోటారు మూలిగింది.

ఆ మూలుగు నాకు తెలుసు. తిరగలేక, ఆగలేక లోపల తీగ కాలుతున్న మూలుగు. రెండు నిమిషాలు అలా ఉంటే మోటారే పోతుంది. దానికి మళ్లీ ఇండెంటు. దాని మీద ఎన్ని అంకెలుంటాయో నేను లెక్కపెట్టదలచుకోలేదు.

"పని ప్రారంభమైనది," అన్నారు కమిషనర్ గారు. "శబ్దం వినబడుచున్నది."

నేను స్విచ్చి వైపు పరిగెత్తాను. దాని ముందు పూలదండలతో నలుగురు నిలబడి ఫోటో దిగుతున్నారు. తోసుకెళ్లేంత హోదా నాకు లేదు. వెనక్కి తిరిగాను. మోటారు ఒక దిమ్మ మీద, పంపు ఇంకో దిమ్మ మీద, రెండింటినీ కలిపే ఇరుసు మధ్యలో జానెడు బయటికి కనబడుతోంది. ఒక ఫేజు మోటారుకి కావలసింది మొదటి తోపొకటే. ఎవరు తోశారని అది అడగదు.

"అప్పా! దుప్పటి! మెలిపెట్టు!" అని అరిచాను.

ఎందుకని పోలమ్మ అడగలేదు. దుప్పటి మెలిపెట్టడం ఆమెకి ఒకరు చెప్పాలా? రెండు విసుర్లకి అది తాడైపోయింది. నేను దాన్ని ఇరుసు చుట్టూ మూడు చుట్లు వేసి, ఒక కొస ఆమె చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాను.

"లాగు! ఒకే లాగు! మళ్లీ వదిలీ!"

ఎడమ కాలు దిమ్మకి తన్నిపెట్టి, ముప్పై ఏళ్లు బండ మీద దుప్పట్లు బాదిన రెండు చేతులతో లాగింది. ఇరుసు గిర్రుమంది. దుప్పటి ఊడి ఆమె భుజం మీద పడింది. మూలుగు మారింది, గొంతు సవరించుకుంది, పాటయింది. గొట్టం రెండుసార్లు దగ్గి, మోచెయ్యంత లావు నీళ్లు తొట్టిలో కుమ్మరించింది.

"ఓలమ్మో!" అని పోలమ్మ తొట్టిలోకే దూకేసింది.

జనం ఈలలు వేశారు. కమిషనర్ గారు చేతులు జోడించారు. "మొదటి దశతోనే ఫలితం వచ్చింది," అన్నారు. "మూడు వందల ఆరు ఎకరాలు పూర్తయితే ఊహించండి!"

అప్పుడు చెన్నకేశవులు గారు, ముందే చెప్పానుగా నిజాయితీపరులని, లేచి నా దగ్గరికి వచ్చారు. "ఆ రేకుల తీగ ఊడదీయి," అన్నారు. జాగ్రత్తగా తీశాను. మోటారు తిరుగుతూనే ఉంది. పెట్టెలోకి చూశారు. రేకుల వైపు చూశారు. పోలమ్మ వైపు చూశారు.

"రేకుల పాత్ర కనబడటం లేదు," అన్నారు మెల్లగా.

నీళ్ల చప్పుడొకటే.

"అయితే," అన్నారు కమిషనర్ గారు, శిక్షణ వృథా పోని మనిషి, "ముప్పై ఆరు ఎక్కడో ఉండి తీరాలి. లేకపోతే మోటారు తిరగదు. తీగ తీసినా తిరుగుతున్నది. కనుక ముప్పై ఆరు రేకుల్లో లేదు. కార్యస్థలంలో మిగిలింది ఎవరు?"

అందరూ తొట్టి వైపు తిరిగారు. పోలమ్మ అప్పటికే పదో దుప్పటి బాదుతోంది.

గవర్రాజు గారు టేపు తీసుకుని వెళ్లారు. "అమ్మా, కొంచెం అరచేతులు చాపండి."

"ఇప్పుడా? కుదర్దు బావూ. నూట పది ఉన్నాయి."

ఆమె బాదుతుండగానే కొలుచుకున్నారు. సాయంత్రానికి నివేదిక తయారయింది. రేకులు రెండు, అనగా పోలమ్మ గారి అరచేతులు. నడుమ ఎడం లాగు సమయమున ఒకటిన్నర అడుగు, సడలించిన నిబంధనకు లోబడి ఉన్నది. మధ్య సరుకు నూలు దుప్పటి, ప్లాస్టిక్ కాదు. మూడు అంశములును క్షేత్రస్థాయిలో కొలవబడినవి. నిర్ణయించడమైనది: ముప్పై ఆరు మైక్రోఫారడ్లు. చెన్నకేశవులు గారు ఎర్ర సిరా మూత పెట్టి, ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. అభ్యంతరం తొలగింది.

పొద్దు గుంకేలోపు పెద్ద నర్సమ్మ లెక్కపెట్టుకుంది. నూట పంతొమ్మిది. నూట ఇరవయ్యోది ఇరుసు గ్రీజు అంటి నల్లబడటంతో, కండెన్సరు భాగంగా గుర్తించి మున్సిపాలిటీ స్వాధీనం చేసుకుంది. దానికి ముద్ర వేసిన రసీదు ఇచ్చింది. నర్సమ్మ రసీదు కూడా దుప్పటి కిందే జమ వేసింది. పని పోలమ్మకే ఉండిపోయింది. ఆరేసే జాగాలో రేకులు ఎవరూ తీయలేదు. ఎండకి పైరేకు పెనంలా కాలుతుంది గనుక దుప్పట్లు అరగంటలో ఆరుతున్నాయని పోలమ్మ వాటిని తీయనివ్వలేదు కూడా.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చాకిరేవు పంపునకు కండెన్సరుగా శ్రీమతి పోలమ్మ గారిని నియమించడమైనది. ఉదయం ఆరున్నరకు ఒకసారి, అవసరమును బట్టి మరియొకసారి. రిజిస్టరులో వేలిముద్ర. నెల జీతం. పని అయితే నిమిషం కూడా పట్టదు, మిగతా రోజంతా తన దుప్పట్లు తను ఉతుక్కోవచ్చు.

"ఏటి బావూ ఇది? నానిప్పుడు గవుర్మెంటా?" అని ఉత్తర్వు నా చేతికిచ్చింది.

"నువ్వు గవుర్మెంటు కాదప్పా. గవుర్మెంటులో పన్జేసే ఒకే ఒక్క వస్తువు నువ్వు."

మే నెల ఆఖర్లో పోలమ్మ చెల్లెలు కూతురి పెళ్లి వచ్చింది. ఒక రోజు సెలవు అడిగింది. కండెన్సరుకి సెలవు వర్తించునా అన్న దాని మీద రెండు సమావేశాలు జరిగాయి. వర్తించునని తేలింది, కానీ ఆ రోజుకి బదులు కండెన్సరు ఉండాలి. అర్హతలు చూశారు. అరచేతులు రెండు ఉన్నవాళ్లు కార్యాలయంలో చాలామంది ఉన్నారు గానీ, వాటితో ఏదైనా లాగగలవాణ్ణి వెతికితే నేనొక్కణ్ణే తేలాను. గవర్రాజు గారు టేపు పట్టి నన్ను కొలిచారు. ముప్పై ఆరుకి పావు తక్కువ వచ్చాను. కమిషనర్ గారు సడలించారు.

ఈ మున్సిపాలిటీలో ఇరవై రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. మేస్త్రీ అంటారు, ఏయ్ అంటారు, కాగితం మీద ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ రోజు మొదటిసారి నా పేరు పక్కన హోదా టైపు చేసి ఇచ్చారు. ఇన్‌ఛార్జి కండెన్సరు, ఒక రోజుకి మాత్రమే. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఉదయం ఆరున్నరకి రేవుకి వెళ్లాను.

పోలమ్మ పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, బస్సుకి వెళ్తూ వెళ్తూ అక్కడ ఆగింది. ముద్ర వేసిన దుప్పటి నా చేతికిచ్చింది. నేను చుట్లు వేస్తుంటే వెనక నుంచి చూసింది.

"కాలు సరిగ్గా తన్నిపెట్టు బావూ," అంది. "ముప్పయ్యారుకి తగ్గిందంటే మాటొచ్చేది నాకు."